గుడి కట్టని బిళ్ల

తణుకులో, పాత సినిమా హాలు వెనక సందులో మా ల్యాబు.
పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
తడి గోనె విప్పినట్టు వాసన.
ఇరవై రెండేళ్లుగా నా రోజు అక్కడే మొదలు.

గాజు పళ్లెంలో గంజి రంగు జెల్లీ,
దాని మీద శనగబద్దంత ఆరు తెల్ల బిళ్లలు.
బిళ్లకో మందు.
రాత్రంతా మందు ఊరి, పురుగు చేరలేని మేర
గుండ్రంగా ఖాళీ మిగలాలి,
చంద్రుడికి వరదగుడి కట్టినట్టు.

మా నాన్న కాలువ మీద లస్కరు.
దూరపు గుడి దగ్గర వాన,
దగ్గర గుడి దూరపు వాన అనుకుంటూ
తూము తలుపు దించాలో ఎత్తాలో
ఆకాశాన్నడిగి తేల్చుకునేవాడు.
నాదీ ఆ ఉద్యోగమే.
కాకపోతే స్కేలు పెట్టి, మిల్లీమీటర్లలో.

ఈ వారం మూడు పళ్లాలు.

ఒకటి దీవెనది. ఆరేళ్లు.
తొమ్మిది రోజుల జ్వరం, నెత్తురు విరేచనాలు,
రెండు రకాల మందులు వాడినా దిగలేదు.
వాళ్ల నాన్న యెహోషువ
అత్తిలి రోడ్డులో కోళ్ల షెడ్డుకి రాత్రి కాపలా.

మిగతా రెండూ ఎవరూ అడగలేదు.
నేనే స్కూటర్ మీద వెళ్లి తెచ్చాను,
దూదిపుల్లలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని.

ఖాదర్ వలీ మాంసం మొద్దు చూపించాడు.
"రాత్రే గీకి కడిగానమ్మా, పసుపు కూడా రాశాను"
అన్నాడు, కాస్త నొచ్చుకుని.

షెడ్డులో యెహోషువ కోడిని చంకలో పట్టుకున్నాడు,
నేను దాని వెనక పుల్ల తిప్పుతుంటే
పసిపిల్లకి చెప్పినట్టు ఊరుకో ఊరుకో అంటూ.
నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ పొట్లాలు.
"జబ్బు చేస్తే కలుపుతారా?"
"జబ్బు రాకుండానండి.
లేపోతే లోడెత్తే నాటికి బరువు తూగదు."
తర్వాత కొంచెంసేపు ఏమీ అనలేదు.
జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి
పొట్లం పక్కన పెట్టాడు.
కూడబలుక్కుని చదివాడు, అక్షరం మీద వేలు పెట్టి,
ముందు దీన్ని, తర్వాత దాన్ని.
"తోక ఒకటేనండి రెండింటికీ.
మా పాప మందు కోళ్లకెందుకండి?"

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో
నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు.
స్కూటర్ స్టార్ట్ కాలేదు. నాలుగుసార్లు తన్నాను.

గురువారం పొద్దున పళ్లాలు పక్కపక్కన పెట్టాను.
పిల్లది, కోడిది, మొద్దుది.
పేరు చీటీలు ఊడిపోతే నేనే పోల్చుకోలేను.
ఐదు బిళ్లల చుట్టూ గుడి లేదు.
గట్టు అంచుదాకా నారు పచ్చబడ్డ మడిలా
బిళ్ల పెదవిదాకా పాకి ఉంది పురుగు.

నీళ్లకి ఎగువా దిగువా ఉంటాయి, అనేవాడు నాన్న.
దీనికి లేవు.
కోడి నుంచి పిల్లకొచ్చిందో
పిల్ల చేతి నుంచి మొద్దుకెళ్లిందో
షెడ్డు ఎరువు లారీలెక్కి
ఆకివీడు వైపు చేపల చెరువుల్లో దిగి
మళ్లీ ఏ దారిన మా వీధికొస్తుందో
రాయడానికి మా ఫారంలో గడి లేదు.
ఐదుసార్లు 'లొంగదు' అని రాశాను.

ఆరోది ఇంజెక్షన్ మందు.
దీవెన పళ్లెంలో దానికి గుడి ఉంది.
యెహోషువ రెండు నెలల జీతం ముందే తీసుకున్నాడు.
మంగళవారానికి పిల్ల సగం ఇడ్లీ తిందట,
చట్నీ లేదని అలిగిందట కూడా.

పళ్లాలు ఆవిరి కుక్కర్లో పెట్టి పారేశాను.
అందులో మాత్రం ఇంకా చస్తున్నాయి.

ఆదివారం ఖాదర్ వలీ కొట్టు ముందు
నేనూ లైన్లో నిలబడ్డాను. అరకిలో.
అతను మొద్దు మీద వేడినీళ్లు గుమ్మరించాడు,
నన్ను చూస్తూ, ఒకటికి రెండుసార్లు.

ఇంకొకటి. ఇది రిపోర్టులో లేదు.
కోడి పళ్లెంలో ఆరో బిళ్ల గుడి
పిల్లదాని కంటే మూడు మిల్లీమీటర్లు దగ్గర.
తప్పు కొలిచానేమోనని స్కేలు తుడిచి మళ్లీ పెట్టాను.
దగ్గర గుడి, దూరపు వాన.
ఎంత దూరమో
నాన్న ఎప్పుడూ చెప్పలేదు.